ఉత్తరం పెరట్లో తొలి తోట: హనుమకొండలో ఒక ఇంటి కేస్ స్టడీ

హనుమకొండ శివారులో దక్షిణం ముఖం ఉన్న ఒక ఇల్లు. వెనక, అంటే ఉత్తరాన, తూర్పు పడమరలుగా 22 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 16 అడుగుల ఖాళీ జాగా. ఇల్లు కట్టి కొన్నేళ్లయినా అక్కడ బట్టలారేసే తీగ, ఒక కరివేపాకు చెట్టు, మిగిలిపోయిన టైల్స్ తప్ప ఏమీ లేవు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఇద్దరు పిల్లలు. నర్సంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి కొడుకు దగ్గరుంటున్న పెద్దావిడ. పెరటి తోటలు వేయించడం నా వృత్తి కాబట్టి తెలిసినవాళ్ల ద్వారా మే నెలలో నన్ను పిలిచారు. వీళ్లకు ఇదే మొదటి తోట.

ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. ఉత్తరం పెరడున్న ఇళ్లలో వానాకాలం కళకళలాడిన తోట కార్తీకానికల్లా పాలిపోవడం చాలాసార్లు చూశాను. ఇంటివాళ్లు ఎరువు చాలలేదనో, విత్తనం మంచిది కాదనో అనుకుని ఊరుకుంటారు. అసలు సంగతి ఎండలో ఉంటుంది.

వాళ్లు అడిగింది

ఇంటావిడ ఒక లిస్టు రాసిపెట్టుకున్నారు. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్, క్యాప్సికం, బెండ, బీర, ఆకుకూరలు. విత్తనాల ప్యాకెట్లు కూడా అప్పటికే కొనేశారు. జూన్‌లో అన్నీ ఒకేసారి వేసేద్దామని వాళ్ల ఉత్సాహం. కూరగాయలు కొనే పనే ఉండకూడదన్నది ఆయన కోరిక.

కోరిక మంచిదే, కానీ నేల కొలత ముందు తెలుసుకోవాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. అయిదుగురున్న ఇంట్లో అది రోజుకు రెండు కిలోలకు దగ్గరగా వస్తుంది. నడిచే దారులు పోను ఈ పెరట్లో సాగుకు మిగిలేది 18 గజాలు. ఇంత చోటులో ఆకుకూరలు పూర్తిగా, వానాకాలం బెండ, బీర చాలావరకు, చలికాలం టమాటా కొంతవరకు ఇంట్లోనే పండించుకోవచ్చు. ఉల్లిగడ్డ, బంగాళాదుంప, క్యారెట్ కొనుక్కోవాల్సిందే. ఈ మాట మొదటి రోజే చెప్పేశాను. తొలి ఏడాది ఆశ ఎక్కువైతే రెండో ఏడాది తోటే ఉండదు.

లిస్టులోంచి క్యాబేజీ, క్యారెట్, క్యాప్సికం తీసేయించాను. క్యాబేజీ, క్యారెట్‌కు చలి కావాలి, జూన్ వాటి కాలం కాదు. పైగా ఒక క్యాబేజీ మొక్క అడుగున్నర చోటును మూడు నెలలు పట్టుకుని ఒక్క గడ్డ ఇస్తుంది. అదే చోట పాలకూర వేస్తే కోసిన కొద్దీ చిగురిస్తుంది. తొలి తోటకు నా ఎంపిక ఎప్పుడూ ఒకటే: మళ్లీ మళ్లీ కోతకొచ్చే పంటలు. రెండు రోజులకోసారి గిన్నెలోకి ఏదో ఒకటి వస్తుంటే ఇంట్లో అందరూ పెరట్లోకి వస్తారు, నీళ్లు పెడతారు, పురుగు పట్టిందీ చూస్తారు.

ఎండ లెక్క

మేలో ఆ పెరట్లో నిలబడితే నిప్పులు చెరుగుతోంది. ఎక్కడా నీడ లేదు. హనుమకొండ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, గోడల నీడ దక్షిణానికి పడుతుంది. ఆ రెండున్నర నెలల్లో ఉత్తరం పెరడంత వెలుగున్న చోటు ఇంకోటి ఉండదు. తోట పెట్టాలన్న ఆలోచన కూడా సరిగ్గా అప్పుడే వస్తుంది. ఆ వెలుగును చూసి ఏడాదంతా ఇంతేనని నమ్మడం సహజం.

డిసెంబరు 21 ప్రాంతంలో మాత్రం మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 48, 49 డిగ్రీల ఎత్తు దాకానే లేస్తాడు. ఈ ఇంటి గోడ 11 అడుగులు, దాని మీద పిట్టగోడ మూడడుగులు, మొత్తం 14. లెక్క వేస్తే నడి మధ్యాహ్నం నీడ గోడ నుంచి పన్నెండున్నర అడుగుల దాకా వస్తుంది. 16 అడుగుల పెరట్లో ఎండ మిగిలేది ఉత్తరం గోడ పక్కన మూడున్నర అడుగుల పట్టీ మాత్రమే.

ఈ లెక్క చెప్తుంటే ఇంటాయన నమ్మలేకపోయారు. "మేడం, ఇక్కడ కాలు పెట్టలేకపోతున్నాం, నీడ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నారు. గడప దగ్గర కూర్చున్న పెద్దావిడే జవాబిచ్చింది. "సంక్రాంతికి ఈడ ఎండ రాదు బిడ్డా. వడియాలు మేడ మీదనే ఎండబెడ్తం." ఇలాంటి సమాచారం ఏ పరికరమూ ఇవ్వదు. ఏ ఇంటికి వెళ్లినా చలికాలంలో బట్టలు ఎక్కడ ఆరేస్తారు, వడియాలు ఎక్కడ పెడతారు, గోడకు నాచు ఎంత ఎత్తు దాకా పడుతుంది అని అడుగుతాను.

కళ్లతో చూడాలనుకునేవాళ్లకు ఇంకో దారుంది, అది ఏరువాక పున్నమి. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురు దిక్కున ఉంటాడు. జ్యేష్ఠంలో సూర్యుడు ఉత్తరంగా నడుస్తాడు కాబట్టి ఆ పున్నమి చంద్రుడు దక్షిణంగా, కిందుగా నడుస్తాడు. డిసెంబరు సూర్యుడి దారి దాదాపు అదే. ఏరువాక నాటి అర్ధరాత్రి వెన్నెల్లో గోడ నీడ ఎక్కడ పడుతుందో, సంక్రాంతి ముందు పగటి నీడ ఇంచుమించు అక్కడే పడుతుంది. చంద్రుడి దారి సూర్యుడి దారికి అయిదు డిగ్రీల దాకా అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి అడుగు, రెండడుగుల తేడా ఉంటుంది. తోట గీతలు గీసుకోవడానికి అది చాలు. ఈ ఇంట్లో ఆ రాత్రి ఆకాశం తెరిపిగా ఉంది. పెద్ద పిల్లాడు సుద్దముక్కతో తూర్పు ప్రహరీ మీద నీడ అంచున గీత గీశాడు. ఆ గీత చూశాక ఇంట్లో ఎవరికీ ఏ అనుమానమూ లేదు. పొలంలో ఏరు పూనే పున్నమికి పెరట్లో ఇలాంటి ఉపయోగం ఉందంటే నాకు ఎప్పుడూ సంతోషంగానే ఉంటుంది.

మడుల అమరిక

మామూలుగా మడులు ఉత్తర దక్షిణాలుగా వేసుకోమంటారు. ఇక్కడ తూర్పు పడమరలుగా, ఇంటి గోడకు సమాంతరంగా వేయించాను. నీడ పట్టీలు పట్టీలుగా ముందుకొస్తుంది, కాబట్టి ఒక్కో మడికీ ఒక్కో కాలం ఉంటుంది. మడి వెడల్పు మూడడుగులు, పొడవు 18 అడుగులు, మధ్యలో అడుగున్నర దారి. రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి, మడిలో కాలు పెట్టే అవసరం రాకూడదు.

గోడ నుంచి మూడడుగులు వదిలి మొదటి మడి. అక్టోబరు మొదట్లోనే, అంటే దసరా నాటికి, దీని మీదికి మధ్యాహ్నం నీడ వచ్చేస్తుంది. శివరాత్రి దాటాక గానీ మళ్లీ పూర్తి ఎండ రాదు. రెండో మడి కార్తీకం నడిమికి నీడలోకి వెళ్లి జనవరి ఆఖరుకు బయటికొస్తుంది. ఉత్తరం గోడ పక్కనున్న మూడో మడికే నడి చలికాలంలోనూ మధ్యాహ్నపు ఎండ ఉంటుంది.

దీన్నిబట్టే పంటలు. మొదటి మడిలో వానాకాలం తోటకూర, గోంగూర, ఇంటి వైపు అంచున పసుపు, అల్లం. ఈ రెండూ కొంత నీడను ఓర్చుకుంటాయి, జూన్‌లో పెడితే సంక్రాంతి దాటాక తవ్వుకోవచ్చు. రెండో మడిలో బెండ, ఒక చివర మిరప. మూడో మడిలో ఉత్తరం అంచున వల కట్టి బీర, కాకర, ముందు వరసలో గోరుచిక్కుడు, రెండు చివర్లా వంగ.

పందిరి చిక్కుడు ఎక్కడ పెట్టాలన్నది చిక్కు ప్రశ్న. అది కాసేది చలికాలంలో, దానికి ఎండ కావాలి, పెరట్లోనేమో అప్పుడు ఎండ ఉండదు. అందుకని వేరు నీడలో, తీగ ఎండలో ఉండేలా చేశాం. ఇంటి గోడ వారన రెండు పాదులు తీసి, అక్కణ్ణుంచి పిట్టగోడకు తాళ్లు కట్టి, మేడ మీద జీఐ తీగలతో చిన్న పందిరి వేశాం. పల్లెల్లో సొర, చిక్కుడు ఇంటి మీదికి పాకించేది ఇందుకే. పెద్దావిడకు ఇది కొత్తేమీ కాదు, విత్తనం కూడా ఆమె తన ఊరి నుంచే తెప్పించింది.

మట్టి

పైన నాలుగంగుళాలు ఎర్రమట్టి, కింద బిల్డర్ నింపిన మొరం, అందులో సిమెంటు పెళ్లలు. పిడికెడు మట్టి తీసుకుని నిమ్మరసం పిండితే బుసబుస పొంగింది. అంటే మట్టిలో సున్నం కలిసి ఉంది. కొత్తగా కట్టిన ఇళ్ల చుట్టూ ఇది మామూలే. అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపాం, ఇంకాక మళ్లీ నింపాం. రెండోసారి నీళ్లు సాయంత్రం దాకా నిలిచే ఉన్నాయి. ఇలాంటి చోట నేల మట్టానికి విత్తితే జులై ముసురులో వేళ్లు కుళ్లిపోతాయి. కాబట్టి మడులు తొమ్మిదంగుళాలు ఎత్తు చేయడం తప్పనిసరి.

ఎత్తు చేయడానికి మట్టి కావాలి. వరంగల్ ప్రాంతానికి కాకతీయుల నాటి నుంచీ చెరువులే ఆధారం, ఎండాకాలంలో చెరువు మట్టి పొలాలకు తోలుకోవడం మనకు అలవాటే. పట్నం మురుగు కలవని ఒక పల్లె చెరువు నుంచి తెప్పించాం. సిమెంటు పెళ్లలు ఏరేసిన పెరటి మట్టి రెండు పాళ్లు, చెరువు మట్టి ఒక పాలు కలిపాం. చెరువు మట్టి మంచిదని అంతా అదే నింపకూడదు, బంక ఎక్కువై వానకు ముద్దకడుతుంది, ఎండకు పగులుతుంది.

ఒక్కో మడికి ఒక 50 కిలోల బస్తా చివికిన పశువుల ఎరువు, రెండు కిలోల వేపపిండి. "చివికిన" అన్న మాట దగ్గర నేను రాజీ పడను. బస్తాలో చెయ్యి పెడితే వేడి తగలకూడదు, పేడ వాసన రాకూడదు, తొలకరి నేల వాసన రావాలి. పచ్చి ఎరువు వేస్తే వేరుపురుగూ చెదలూ వెంట వస్తాయి. మొదటిసారి వచ్చిన ట్రాలీని ఈ పరీక్షలో తప్పిందని వెనక్కి పంపించేశాం.

వానాకాలం

మృగశిర కార్తె వచ్చి, రెండు మంచి వానలు పడ్డాక విత్తాం. బెండ విత్తనాలు రాత్రి నానబెట్టి అడుగుకొకటి చొప్పున రెండు వరసలు. రకం అర్క అనామిక, బెంగళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చింది. బీరలో జగిత్యాల లాంగ్. తోటకూర విత్తనం సన్నది కాబట్టి ఇసుకలో కలిపి పలచగా చల్లాలి. చల్లిన విత్తనాన్ని చీమలు ఎత్తుకుపోకుండా పెద్దావిడ మడి చుట్టూ గుప్పెడు బియ్యపు నూక చల్లింది. చీమలు నూకల పనిలో పడ్డాయి, విత్తనం మొలిచింది. మడుల అంచుల్లో బంతి పెట్టించాను. వేళ్ల మీద బుడిపెలు తెచ్చే నులిపురుగులను బంతి అదుపులో ఉంచుతుంది. ఆ ఇంటి ఆడపిల్లకు మాత్రం అది బతుకమ్మకు పువ్వు.

తోటకూర నెల తిరక్కుండానే కోతకొచ్చింది. ఆ మొదటి కోత ఇంట్లో తెచ్చిన ఉత్సాహం అంతా ఇంతా కాదు.

జులైలో బెండ ఆకులు పసుపెక్కుతున్నాయని ఫోన్. వెళ్లి చూస్తే ఒకే వరసలో రెండు రకాల పసుపు ఉంది. ఇది ప్రతి కొత్త తోటలోనూ గందరగోళపెట్టే విషయం కాబట్టి దగ్గరగా చెప్తాను. ఎక్కువ మొక్కల్లో లేత ఆకుల ఈనెలు పచ్చగానే ఉన్నాయి, ఈనెల మధ్య భాగం పసుపుగా మారింది. అది ఇనుము లోపం. మట్టిలో సున్నం, బోరు నీటి ఉప్పు కలిసి ఇనుమును వేరుకు అందనివ్వవు. రెండు మొక్కల్లో దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది: ఈనెలే పసుపుపచ్చ వలలా మెరుస్తున్నాయి, మధ్య భాగం ఆకుపచ్చగా ఉంది. అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, రైతులు శంఖు రోగం అంటారు. ఆకును వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే ఈ తేడా పిల్లలకు కూడా తెలుస్తుంది. ఇక ముదురు ఆకులు కింది నుంచి మొత్తంగా పసుపెక్కితే అది నత్రజని లోపం. ఈ తోటలో అది రాలేదు.

ఇనుము లోపానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయించాను, వారం తర్వాత ఇంకోసారి. కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. వైరస్ మొక్కలకు మందు లేదు, పీకేయాలి. అనామిక ఈ తెగులును చాలావరకు తట్టుకునే రకమే అయినా అసలే రాదని కాదు. "కాయలున్నయి కదా, ఉండనీ" అని పెద్దావిడ బతిమాలింది. మిగతా మొక్కలు దక్కాలంటే తప్పదని నచ్చజెప్పి పీకించాను, పసుపు రంగు జిగురు అట్టలు రెండు కట్టించాను. మరో మొక్కకు పాకలేదు. శ్రావణం నుంచి బెండ రోజు విడిచి రోజు కోశారు, ఒక్కో కోతకు కూరకు సరిపడా.

బీర విషయంలో టెన్షన్ వేరే రకం. పూలన్నీ రాలిపోతున్నాయని ఇంటావిడ ఒకటే దిగులు. మొదట వచ్చేవన్నీ మగపూలు, అవి రాలడమే ధర్మం. తర్వాత పూవు కింద వేలెడంత పిందెతో ఆడపూలు వస్తాయి. బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, పట్నంలో ఆ వేళకు తిరిగే పురుగులు తక్కువ. అందుకని మగపూవు తుంచి రేకులు వెనక్కి మడిచి, దాని పుప్పొడిని ఆడపూవు నడుమ అద్దమన్నాను. ఆ ఇంట్లో ఇది పిల్లల ఆరున్నర గంటల డ్యూటీ అయింది. పిందెలు నిలిచాయి. పండు ఈగ మాత్రం కొన్ని కాయలు పాడుచేసింది. పుచ్చిన కాయలు పాదు దగ్గరే వదలకుండా లోతుగా పూడ్చిపెట్టడం, పిందెలకు కాగితం సంచులు తొడగడంతో తగ్గింది. కోతులు రెండుసార్లు వచ్చి గోరుచిక్కుడు, వంకాయలు తుంచిపోయాయి. కాకర, పసుపు, మిరప జోలికి రాలేదు.

నీడ వచ్చాక

సెప్టెంబరు నడుమ టమాటా నారు పోశాం. రకం అర్క రక్షక్, ఆకుముడతను తట్టుకునే హైబ్రిడ్. దాని విత్తనం దాచుకుని మళ్లీ వేస్తే అదే గుణం రాదని ముందే చెప్పాను. అక్టోబరులో బీర, కాకర తీగలు తీసేసి, మూడో మడిలో మళ్లీ ఎరువు కలిపి నాటాం. ఇక్కడో సూక్ష్మం ఉంది. చలికాలం ఉదయం ఎండ పెరటి తూర్పు కొసకు, సాయంత్రం ఎండ పడమటి కొసకు ఏటవాలుగా తగులుతుంది. నడిమి భాగానికి అందేది మధ్యాహ్నపు ఎండ మాత్రమే. అందుకని టమాటాలు రెండు కొసలా, నడుమ ముల్లంగి, ఉల్లికాడలు. రెండో మడిలో బెండ అయిపోయాక మెంతి, కొత్తిమీర, పాలకూర. మూడు నాలుగు గంటల వెలుగున్నా వీటికి చాలు. పైగా ఆ నీడలో కొత్తిమీర త్వరగా పూతకు రాకుండా నిలిచింది. మొదటి మడిలో పసుపు, అల్లం పక్కన పుదీనా తప్ప కొత్తగా ఏమీ వేయలేదు. ఎండలేని చోట ఏదో ఒకటి వేయాలన్న తాపత్రయం వద్దని గట్టిగా చెప్తాను. ఎండుటాకులు, వంటింటి తొక్కలు, మట్టి పొరలుగా వేసి ఆ మడిలోనే కంపోస్టు చేయించాను.

చిక్కుడు తీగ అక్టోబరు దాకా ఆకే పెంచింది. ఒక్క పూవు లేదు, తీసేద్దామా అని ఇంటాయన అడిగారు. పాతకాలం పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితే తప్ప పూతకు రాదు, నీళ్లూ ఎరువూ దాన్ని తొందరపెట్టలేవు. దీపావళి వెళ్లాక మేడ మీద పందిరంతా పూత. డిసెంబరులో పేనుబంక పట్టింది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి కొట్టించాను. అక్షింతల పురుగులు కనబడిన కొమ్మలను మాత్రం ముట్టుకోవద్దన్నాను, ఆ పురుగులు పేనుబంకను తింటాయి. సంక్రాంతికి చిక్కుడుకాయ వండుకున్నారు, పక్కింటికీ ఇచ్చారు. రథసప్తమికి కాయల రథం, ఆకుల మీద పరమాన్నం, అన్నీ మేడ మీది తీగ నుంచే. టమాటా డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా ఇంటికి సరిపడా వచ్చింది. ఖర్చులో పెద్ద భాగం మట్టి తోలకానికీ ఎరువుకే పోయింది, విత్తనాలది లెక్కలోకి రానంత.

పెరడు ఇంకో దిక్కున ఉంటే

తూర్పు ముఖం ఇళ్లకు పెరడు పడమర ఉంటుంది. అక్కడ సమస్య చలికాలం నీడకంటే మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నం దాటాక పడే ఎండ. ఆ రోజుల్లో 50 శాతం షేడ్ నెట్ పడమటి వైపు నిలువుగా కట్టాలి, మడులు ఉత్తర దక్షిణాలుగా వేసుకోవచ్చు. పడమర ముఖం ఇంటికి తూర్పు పెరడు దొరికితే అదృష్టమే, ఉదయం ఎండ ఆకుకూరలకు హాయి. ఉత్తరం ముఖం ఇంటికి దక్షిణం పెరట్లో ఏడాదంతా ఎండకు లోటుండదు, పక్కింటి మేడ అడ్డం లేకపోతే.

ఈ ఇంట్లో రెండో ఏడాదికి మార్పులు తేల్చేశాం. గోరుచిక్కుడు బదులు మూడో మడి ముందు వరసలో కూడా కోతులు ముట్టని మిరపే వేస్తారు. పసుపు ఇంటి వాడకానికి మించి వచ్చింది కాబట్టి సగానికి తగ్గిస్తారు. మొదటి మడిలో ఆరు నెలలు మగ్గిన కంపోస్టును మేలో జల్లెడ పట్టి మిగతా రెండు మడులకు పంచుతారు. క్యాబేజీ మీద ఇంటావిడకు ఆశ పోలేదు. అక్టోబరులో మూడో మడి పడమటి కొసలో నాలుగు మొక్కలకు చోటు ఉంచాం.